పాత నగల్లో, గడియారాల్లో పాము: సెర్పెంటి కొనే ముందు ఒక ప్రశ్న, దాని చుట్టూ చర్చ

గోదారిగాలి:
అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో. పాత గడియారాలు అమ్మే ఒకాయన దగ్గర ఇటలీ నగల కంపెనీ బుల్గారి వాళ్ళ పాము గడియారం, సెర్పెంటి ట్యూబోగాస్ చూశాను. స్టీలు, బంగారం కలిపి చేసింది. మణికట్టు చుట్టూ మెలి తిరిగి పైన డయల్ దగ్గర ఆగుతుంది. 1970ల నాటిదని చెప్తున్నారు. పెట్టుకుని చూశాక తీయబుద్ధి కాలేదు.

కొనే ముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో సంగతి కూడా అడగాలనుంది. మా అత్తగారికి ఫొటో పంపిస్తే, "నాగేంద్రుడికి పాలు పోస్తాం గానీ చేతికి చుట్టుకుంటామా తల్లీ" అన్నారు. ఆవిడ మాటను కొట్టిపారేయాలని నాకు లేదు. కానీ యూరప్ నగల వాళ్ళు పాముని ఇన్నేళ్ళుగా ఎందుకు వదలట్లేదో నిజంగా తెలుసుకోవాలనుంది.

టిక్‌టిక్:
ముందు గడియారం సంగతి చెప్తాను, మిగతాది చరిత్ర తెలిసినవాళ్ళు అందుకుంటారు.

బుల్గారి సెర్పెంటి మొదలైంది 1940ల చివర్లో. మొదట్లో వచ్చినవాటికి పాము తల, పొలుసులు స్పష్టంగా ఉండేవి కావు. ట్యూబోగాస్ పట్టీ చేతికి చుట్టుకునేది, తల ఉండాల్సిన చోట గడియారం కూర్చునేది. నిజమైన పాములా కళ్ళు, పొలుసులు, తెరుచుకునే నోరు వచ్చింది 1950లు, 60లలో. మీరు చూసిన స్టీలు, బంగారం కలయిక 70ల నాటి అలవాటే కాబట్టి ఆయన చెప్పిన కాలం నమ్మదగ్గదే.

ట్యూబోగాస్ అంటే అప్పట్లో గ్యాస్ తీసుకెళ్ళే వంగే గొట్టాల రూపం. అంచులు పైకి మడిచిన పొడవాటి లోహపు పట్టీల్ని ఒక రాగి లేదా చెక్క కడ్డీ చుట్టూ, ఒకదాని అంచు ఇంకోదాన్ని పట్టుకునేలా బిగించి చుట్టుకుంటూ పోతారు. తర్వాత లోపలి కడ్డీని లాగేస్తారు, లేదా యాసిడ్‌లో కరిగించేస్తారు. మిగిలేది డొల్లగా, స్ప్రింగులా వంగే గొట్టం. ఎక్కడా టంకం ఉండదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

పట్టీని వెలుతురులో నెమ్మదిగా వంచి చూడండి. చుట్ల మధ్య ఖాళీలు ఎక్కడైనా ఒక్కచోట ఎక్కువ కనిపిస్తే, ఎవరో దాన్ని బలంగా విప్పదీశారని అర్థం. టంకం మచ్చ కనబడిందంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దు. గొట్టం వంగేది చుట్లు ఒకదాని మీద ఒకటి జారడం వల్ల. టంకం పడినచోట ఆ జారుడు ఆగిపోతుంది, పక్క చుట్టు మీద భారం పడుతుంది, కొన్నాళ్ళకు అక్కడ చీలుతుంది.

ఎర్రకెంపు:
టిక్‌టిక్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా పిన్ని గొలుసు ట్యూబోగాస్ తరహాదే, పెద్ద కంపెనీది కాదు. ఒక షాపులో రిపేరుకిస్తే చుట్టు ఊడిందని టంకం వేసి ఇచ్చారు. ఆర్నెల్లు తిరక్కముందే దాని పక్కనే విరిగింది. మళ్ళీ తీసుకెళ్తే మా తప్పేం లేదన్నారు. ఆ గొలుసు ఇప్పటికీ పెట్టెలోనే ఉంది, పిన్ని దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ బాధపడుతుంది. ఇలాంటి పని తెలిసిన చేతికే ఇవ్వాలి, లేదా కంపెనీకే పంపాలి.

పాతబంగారం:
మీ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైంది. పాము నగ ఫ్యాషన్‌గా మొదలవలేదండీ. అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు కాలంలోనే దండకు, మణికట్టుకు చుట్టుకునే బంగారు పాములున్నాయి. ఈజిప్టు రాజుల నుదుటి మీద పడగెత్తిన పాము అధికారానికి, రక్షణకు గుర్తు. రోమన్లకు ఇంటిని కాపాడే పాము ఉంది. వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన రోమన్ల ఊరు పాంపేలో ఇళ్ళల్లో పూజాస్థానం దగ్గర గోడల మీద పాముల్ని గీసుకున్నారు.

ఒక నగ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. పాంపేకి దక్షిణంగా మోరెజినే అనే చోట 2000లో తవ్వకాల్లో ఒక స్త్రీ అవశేషాల దగ్గర బంగారు పాము కంకణం దొరికింది. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు చనిపోయిన మనిషి. కంకణం లోపలి వైపు, చర్మానికి ఆనే చోట, లాటిన్‌లో "యజమాని తన దాసికి" అని చెక్కి ఉంది. పాము అంటే ప్రేమ, పాము అంటే అనంతం అని కేటలాగుల్లో చదువుతుంటాం. ఈ కంకణం చూస్తే ఆ మాటలు సరిపోవు. ఆ స్త్రీ బానిసా, విముక్తి పొందిన మనిషా, ఆ బహుమతిలో ఆప్యాయత ఎంత, హక్కు ఎంత అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చేతికి చుట్టుకున్న పాము కాపాడుతుందా, పట్టి ఉంచుతుందా? నా మటుకు నాకు పాము నగలన్నిటి గుట్టూ ఆ ప్రశ్నలోనే ఉంది.

కంసాలివీధి:
పాతబంగారం గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అయినా నాది కాస్త వేరే అభిప్రాయం. మాది తరాలుగా కంసాలి పని చేసిన ఇల్లు. పాము ఇన్ని వేల ఏళ్ళు నిలబడడానికి నమ్మకం కన్నా పనితనమే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

గాజు వేసుకోవాలంటే చేతికి సరిపడే కొలత కావాలి. కడియానికి కీలు, శీల కావాలి. గొలుసుకి కొక్కెం కావాలి. నగ ముందుగా పాడయ్యేది ఎప్పుడూ అక్కడే. మెలికలు తిరిగిన పాముకి ఇవేవీ అక్కర్లేదు. చుట్టే పట్టు. లావు చేతికి కొంచెం తెరుచుకుంటుంది, సన్న చేతికి దగ్గరవుతుంది. తలకీ తోకకీ అతుకు పెట్టాల్సిన పనే లేదు. ఏ దేశపు కంసాలికైనా బంగారు తీగ చేతిలో పడి ఒక కడ్డీకి చుట్టి చూస్తే పాము దానంతటదే కనిపిస్తుంది. తర్వాత కళ్ళు పెట్టడమే తరువాయి.

బుల్గారి చేసింది కూడా ఇదే. పామును బొమ్మగా అతికించలేదు, చేతి మీద పాములా కదిలేలా చేశారు.

పాతబంగారం:
కంసాలివీధి గారూ, దీనికేమంటారు? న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 200 ప్రాంతపు గ్రీకు దండకడియాల జత ఉంది. పైన సగం మనిషి, సగం చేప రూపమున్న ట్రైటన్లు, కింద పాముల్లా మెలికలు తిరిగిన తోకలు. వాటి తలల వెనక చిన్న కొంకీలున్నాయి. ఎందుకంటే ఆ బరువుకి కడియాలు చేతి మీద నిలవవు, జారిపోతాయి. అందుకని చొక్కా చేతికి తగిలించేవారు. చుట్టే పట్టు అయితే ఆ కొంకీలతో పనేముంది?

కంసాలివీధి:
మంచి ఉదాహరణ ఇచ్చారు. నా మాటకి బలం అక్కడే ఉందనుకుంటున్నాను. పాతకాలపు బంగారం చాలావరకు మేలిమికి దగ్గరగా ఉండేది. మేలిమి బంగారానికి స్ప్రింగు గుణం ఉండదు. తెరిస్తే తెరుచుకున్నట్టే ఉండిపోతుంది. మన 22 కారట్లకీ ఇదే ఇబ్బంది. 916 బంగారంతో సన్న చుట్ల కంకణం చేస్తే నాలుగు సార్లు వేసి తీసేసరికి వదులైపోతుంది.

యూరప్ వాళ్ళు 18 కారట్లలో చేస్తారు, అంటే వెయ్యికి 750 పాళ్ళు బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. ఆ కలిపిన లోహమే గట్టిదనం, తిరిగి దగ్గరయ్యే గుణం ఇస్తుంది. మనవాళ్ళు "18 కారట్లే కదా, అమ్మితే ఏమొస్తుంది" అని చప్పరిస్తారు. ఇక్కడ బంగారం పాళ్ళు తగ్గించింది పొదుపు కోసం కాదండీ, నగ పని చేయడం కోసం. స్టీలు కలిపిన ట్యూబోగాస్‌కి ఇంకా ఎక్కువ బిగువుంటుంది. గోదారిగాలి గారు న్యూజెర్సీలోనే ఉన్నారు కాబట్టి వీలైతే ఆ గ్రీకు కడియాల్ని స్వయంగా చూసి రండి.

డాలస్‌మల్లి:
సెర్పెంటి మాట వస్తే హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ పేరు రాకుండా ఉండదు. క్లియోపాత్రా సినిమాలో ఆవిడ చేతికి ఉన్నది అదే కదా?

టిక్‌టిక్:
మల్లి గారూ, చాలామంది అలాగే అనుకుంటారు. సినిమా కథలో ఆవిడ వేసుకున్న పాము నగలు వేషం కోసం చేసినవి. బుల్గారి గడియారం ఆవిడ సొంతం. 1962లో రోమ్‌లో షూటింగ్ జరుగుతున్నప్పుడు సెట్‌లో తీసిన ఫొటోల్లో అది చేతికి కనిపిస్తుంది. సినిమా 1963లో వచ్చింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగి, క్లియోపాత్రా, టేలర్, బుల్గారి పాము మూడూ జనం మనసులో ఒకటైపోయాయి. ఆవిడ పోయాక 2011 డిసెంబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో అది 9,74,500 డాలర్లకు అమ్ముడైంది. బంగారానికి, వజ్రాలకు కట్టిన ధర కాదది, ఆ చేతికి కట్టిన ధర.

అలాంటి తల ఉన్న మోడళ్ళలో డయల్ పాము నోట్లో దాగి ఉంటుంది. తల మూత ఎత్తితేనే టైము తెలుస్తుంది. నలుగురి మధ్య కూర్చుని ఆడవాళ్ళు గడియారం చూసుకోవడం మర్యాద కాదనుకున్న రోజులవి. నగలా కనబడాలి, గడియారమని తెలియకూడదు. దీనికి బాగా చిన్న మూవ్‌మెంట్, అంటే గడియారాన్ని నడిపే లోపలి యంత్రం, కావాలి. జగేర్-లెకూల్ట్ర్, వషెరాన్ కాన్‌స్టాంటిన్, ఓడెమార్ పిగే, మొవాడో లాంటి స్విస్ కంపెనీల మూవ్‌మెంట్లు బుల్గారి వాడేది. జగేర్-లెకూల్ట్ర్ 1929లో తెచ్చిన 101 క్యాలిబర్ అనే మూవ్‌మెంట్ బరువు దాదాపు ఒక గ్రాము. ఇంత చిన్నవాటిలో కీ ఇచ్చే క్రౌన్ కొన్నిటికి వెనకవైపు ఉంటుంది, పక్కన చూసి లేదని కంగారు పడక్కర్లేదు.

ఎర్రకెంపు:
ఎనామెల్ పాముల గురించి ఎవరూ ఎత్తలేదేంటి! 60లలో బుల్గారి చేసిన రంగురంగుల పొలుసుల పాములు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఆకుపచ్చ, ఎరుపు, నలుపు, తెలుపు. ఒక్కో పొలుసు విడిగా బంగారంలో చేసి, విడిగా ఎనామెల్ పూసి కాల్చి, తర్వాత లోపలి స్ప్రింగు మీద వరసగా కూర్చేవారు. ఎనామెల్ అంటే పెయింటు కాదు, గాజు పొడి. దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగి బంగారానికి పట్టుకుంటుంది. వేడి కాస్త ఎక్కువైనా తక్కువైనా పక్క పొలుసుతో రంగు కలవదు. పాము మొత్తం ఒకే రంగులో మెరిసిందంటే, కలవని పొలుసుల్ని ఓపిగ్గా పక్కన పెట్టేశారనుకోవాలి.

కొనేవాళ్ళు ఇక్కడే జాగ్రత్త పడాలి. పొలుసు అంచు పగిలితే దాన్ని మళ్ళీ కాల్చాలి, అందుకు పామునంతా విప్పాలి. అంత ఓపిక లేనివాళ్ళు రెసిన్ నింపి పాలిష్ పెట్టి అమ్మేస్తారు. లూప్ (కంసాలి భూతద్దం) కింద చూస్తే రెసిన్ మెత్తగా, కొంచెం మసకగా, గీతలతో ఉంటుంది. గాజు మెరుపు వేరు. ఎనామెల్ ఉన్న నగని శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో ఎప్పుడూ వేయకూడదు.

మ్యూజియంనడక:
కంపెనీల నగల దగ్గరే ఆగిపోతున్నాం, 1900 ముందూ వెనకా పారిస్‌లో జరిగింది కూడా చెప్పుకోవాలి. ఫ్రెంచి నగల కళాకారుడు రెనే లాలిక్ చేసిన పాముల ఛాతీ ఆభరణం లిస్బన్‌లో గుల్బెంకియన్ మ్యూజియంలో ఉంది. 1898-99 నాటిది. తొమ్మిది పాములు ఒకే ముడిలోంచి బయల్దేరుతాయి, ఎనిమిది కిందకి జాలువారుతాయి, ఒకటి మధ్యలో పైకి లేస్తుంది. అన్నీ నోళ్ళు తెరిచే ఉంటాయి. దాని ముందు నిలబడినప్పుడు నాకు అందం, భయం రెండూ కలిసే కలిగాయి. అందులో పెద్ద రత్నం ఒక్కటి లేదు. బంగారం, ఎనామెల్, అంతే. నగ విలువ రాయిలో ఉంటుందనే నమ్మకాన్ని లాలిక్ అంత ధైర్యంగా పక్కన పెట్టాడు.

రెండోది, నటి సారా బెర్నార్ కంకణం. 1898లో మెడియా నాటకం పోస్టరు కోసం చిత్రకారుడు అల్ఫాన్స్ ముఖా ఆవిడ చేతికి పాము చుట్టినట్టు బొమ్మ గీశాడు. ఆ బొమ్మలోని నగే నిజంగా తయారైంది. ముఖా రూపకల్పన, పారిస్ నగల తయారీదారు జార్జ్ ఫూకే పనితనం, 1899. బంగారం, ఎనామెల్, ఓపల్, కెంపులు, వజ్రాలు. మణికట్టు చుట్టిన పాము నుంచి గొలుసులు వేలి మీది ఇంకో పాము ఉంగరానికి వెళ్తాయి. చెయ్యి ఆడించినా పట్టెయ్యకుండా లోపల కీళ్ళు పెట్టారు. ఇప్పుడది జపాన్‌లోని సకాయ్ నగరంలో ముఖా మ్యూజియంలో ఉంది.

డాలస్‌మల్లి:
ముందు కాగితం మీద బొమ్మ, తర్వాత చేతి మీద నగ. ఎంత బాగుందో! విక్టోరియా రాణి నిశ్చితార్థం ఉంగరం కూడా పామే అని విన్నాను, నిజమేనా?

ఎర్రకెంపు:
నిజమే. 1839లో ఆల్బర్ట్ ఇచ్చిన ఉంగరం. పాము తలలో పచ్చ పొదిగి ఉంటుంది. 1840 ఫిబ్రవరిలో పెళ్ళి. అప్పటినుంచి ఇంగ్లండులో పాము ఉంగరాలు, కంకణాలు, హారాలు విపరీతంగా వచ్చాయి. తోకని నోట్లో పెట్టుకున్న పాము అంతం లేని ప్రేమకి గుర్తు. అదే రూపాన్ని పోయినవాళ్ళ గుర్తుగా కూడా వేసుకునేవారు, లోపల చిన్న అరలో వాళ్ళ వెంట్రుక పెట్టుకునేవారు. ఆ కాలపు వాటిలో నీలి టర్కాయిస్ రాళ్ళు వరసగా పొదిగిన పాములు ఎక్కువ. టర్కాయిస్ నూనె, సెంటు పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది, కాబట్టి సెంటు రాసుకున్నాకే నగ వేసుకోవాలి.

ఇంకొక్కటి చెప్పకపోతే మనసొప్పదు. మెక్సికో నటి మరియా ఫెలిక్స్ 1968లో పారిస్ నగల కంపెనీ కార్టియర్‌తో చేయించుకున్న పాము హారం. 2,473 వజ్రాలు, మొత్తం 178.21 కారట్లు, కళ్ళకి పచ్చలు. ఒళ్ళంతా కీళ్ళే కాబట్టి మెడ మీద నిజం పాములా ఒదుగుతుంది. నాకు వజ్రాల కన్నా ఎక్కువ నచ్చింది దాని కింది భాగం. పొట్ట వైపు ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఎనామెల్ పొలుసులున్నాయి. వేసుకుంటే ఆ వైపు ఎవరికీ కనబడదు, ఆవిడ చర్మానికే తెలుస్తుంది. చూసేవాళ్ళ కోసం మాత్రమే నగ చేయించుకునేవాళ్ళు అంత పని చేయించరు.

జడగంటలు:
గోదారిగాలి గారి అత్తగారి మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ మాటలో మన ఆచారం సగమే ఉంది. మనవాళ్ళు పాముని ఒంటి మీద పెట్టుకోలేదని ఎవరన్నారు? పెళ్ళికూతురి జడ మీద పడగ విప్పిన నాగరం పెడతాం. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడలో సూర్యుడు, చంద్రుడు బిళ్ళలతో పాటు నాగరం ఉంటుంది. కేరళలో నాగపడతాళి ఉంది, పడగ ఆకారపు బిళ్ళల్లో ఆకుపచ్చ అద్దం పొదిగిన హారం. తమిళనాడు పల్లెల్లో ముసలమ్మలు చెవులకి వేసుకున్న పాంబడం పాము రూపాన్ని ముక్కోణాలు, గుండ్లుగా మార్చి చేసిందే.

తేడా ఎక్కడుందంటే, మనం ఎక్కువగా పడగని తీసుకున్నాం, వాళ్ళు ఒంటిని తీసుకున్నారు. మనకి పడగ గొడుగు పడుతుంది. శివుడి మెడలో, విష్ణువు తల మీద, సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో చూసేది ఆ పడగనే. మోపిదేవిలో మొక్కుకుని సమర్పించేదీ వెండి పడగలే. బుల్గారిలోనూ, గ్రీకుల్లోనూ పడగ దాదాపు కనబడదు, మెలికే ముఖ్యం. కాబట్టి అత్తగారికి నాగేంద్రుడిగా అనిపించింది మీ చేతి మీద పడగ లేని పాము. ఆవిడకి ఇష్టం లేకపోతే అదీ గౌరవించాల్సిందే, పూజలో ఉన్న రూపం గురించి మనసులో ఉండే జంకు ఊరికే రాదు. ఆవిడతో మాట్లాడేటప్పుడు ఈ నాగరం సంగతి ఒకసారి కదపండి.

కంసాలివీధి:
జడగంటలు గారూ, ఒంటిని మనమూ వదల్లేదండీ. వంకీలు చూడండి. దండ మీద కూర్చునే ఆ వంపు చాలా పాత నమూనాల్లో పాము వంపే, కొన్నిటికి చివర పడగ కూడా ఉంటుంది. కానీ మీరు చెప్పిన పడగ, మెలిక తేడా నాకు ఇంతకాలం తట్టలేదు. పడగతో నగ చేస్తే అది బిళ్ళ అవుతుంది, రాళ్ళు పొదగడానికి చోటు దొరుకుతుంది. మెలికతో చేస్తే కదలిక వస్తుంది. మన కంసాలి రాయి పొదగడంలో ఎందుకంత దూరం వెళ్ళాడో, వాళ్ళు లోహాన్ని వంచడంలో ఎందుకంత దూరం వెళ్ళారో దీన్నిబట్టి కొంత అర్థమవుతోంది.

పాతబంగారం:
మరి రూపాన్ని ఎంచుకుంది నమ్మకమే కదండీ! పడగా, మెలికా అని ముందు మనసు తేల్చుకుంది. పనితనం దాని వెనక నడిచింది. పనితనం గొప్పది కాదని నేను అనను. కానీ అదే ముందు నడిచిందంటే మాత్రం ఒప్పుకోను.

కంసాలివీధి:
ఈ ఒక్క విషయంలో మన ఇద్దరికీ రాజీ కుదరదు పాతబంగారం గారూ. మోరెజినే కంకణం గురించి మాత్రం మీకు రుణపడి ఉంటాను.

గోదారిగాలి:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. జడగంటలు గారి మాటలు మా అత్తగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆవిడ పెళ్ళినాటి నాగరం గురించి చాలాసేపు మాట్లాడారు. గడియారం మీద ఇంకా ఏమీ తేల్చలేదు, నేనూ తొందరపెట్టలేదు. టిక్‌టిక్ గారూ, ముద్రలు ఎలా చూడాలి? క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచేది) అయితే వదిలెయ్యాలా?

టిక్‌టిక్:
క్వార్ట్జ్ అని వదిలెయ్యక్కర్లేదు. 70ల ముందు భాగంలో అయితే కీ ఇచ్చేది ఉండాలి, క్వార్ట్జ్ తర్వాత వచ్చింది. కాబట్టి ఆయన చెప్పే సంవత్సరానికీ లోపలి మూవ్‌మెంట్‌కీ పొత్తు కుదరాలి. వెనక మూత తీయించి ఫొటో అడగండి. పాత బ్యాటరీ కారి లోపల తుప్పు పట్టిందేమో చూడండి. మూత తీయనంటే ఆ బేరం అక్కడితో ఆపేయండి.

ముద్రల విషయానికొస్తే, ఇటలీలో 1968 నుంచి బంగారం మీద నక్షత్రం, దాని పక్కన తయారీదారు నంబరు, జిల్లా అక్షరాలు కొడతారు. బుల్గారి నగల మీద 2337తో పాటు ఏఎల్ అక్షరాలు కనిపిస్తాయి. అవి వలెంజా ఊరున్న అలెస్సాండ్రియా జిల్లావి, వలెంజా బంగారు పనికి పెట్టింది పేరు. 750 ముద్ర వేరుగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో అమ్మిన 18 కారట్ల నగ మీద గద్ద తల లేదా గుడ్లగూబ ముద్ర ఉండొచ్చు. ముద్ర ఉంటే చాలనుకోకండి, ముద్రలూ నకిలీవి కొడతారు. అంచులు పదునుగా, అక్షరాలు సమానంగా ఉన్నాయా అని లూప్‌లో చూడాలి.

పెట్టుకునే పద్ధతి కూడా చెప్తాను. చుట్లని రెండు చేతులతో విప్పదీసి చేతిని దూర్చకండి. మణికట్టు సన్నగా ఉండే పక్క నుంచి తోకని ముందు జార్చి, చేతిని నెమ్మదిగా తిప్పుతూ ఎక్కించండి. తీసేటప్పుడూ అంతే. 2022లో బుల్గారి పిక్కోలిసిమో అనే కొత్త మెకానికల్ మూవ్‌మెంట్ తెచ్చి మళ్ళీ పాము తలలో పెట్టింది. వ్యాసం 12.3 మిల్లీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు, బరువు 1.3 గ్రాములు. పాత వాటికి రిపేరు పార్టులు దొరకడం కష్టం కాబట్టి, మూవ్‌మెంట్ ఎవరిదో మూత తీశాక తెలిస్తే ఆ పేరు, నంబరు ఇక్కడ పెట్టండి, సర్వీసు ఎక్కడ చేయించొచ్చో చూద్దాం.